చేతికియ్యని తాళం

"ఇచ్చావా, ఇవ్వలేదా? అవునో కాదో చెప్పు, చాలు."

ఆ మేనేజరు ఈ ముక్క అన్నప్పుడు నా చేతిలో ఫోను లేకపోయుంటే ఏం విసిరేదాన్నో నాకే తెలీదు. అవునో కాదో చెబితే చాలనేవాళ్లని చూస్తే ఆ రోజు నుంచీ నాకు ఒళ్లు మండుతుంది. ఆ రెండు మాటల మధ్యన పెట్టి ఒక మనిషి బతుకుని నలిపేయొచ్చు. నలపబోయారు కూడా. నా కళ్లముందే.

నేను మద్రాసు చాకలిపేటలో పుట్టి పెరిగినదాన్ని. హార్బరు దగ్గర ఒక ఆఫీసులో ఫోను పని నేర్చుకున్నాను. మైపాడు దగ్గరున్న ఒక ఉప్పు కంపెనీకి ఫోను దగ్గర కూర్చునే మనిషి కావాలన్నారు. అరవం, తెలుగు రెండూ రావాలి. మైపాడులో మా పిన్ని ఉంది. ఇంకేం, పెట్టె సర్దుకుని బస్సెక్కాను.

ఉప్పు పండించే చోటుని అక్కడ కొటారు అంటారు. ఒక పక్క బకింగాం కాలవ, ఇంకో పక్క ఏరు. మధ్యలో చాపలు పరిచినట్టు ఉప్పు మళ్లు. ఏటి ఉప్పునీళ్లని ఆయిలింజనుతో మళ్లలోకి తోడతారు, ఎండకి నీళ్లు పోయి ఉప్పు మిగులుతుంది. గట్టు మీద పెంకుల ఆఫీసు, దాని గోడకి ఫోను. పక్కనున్న చేతిపిడి తిప్పితే నెల్లూరు ఎక్స్ఛేంజి పలుకుతుంది. మద్రాసుకి ట్రంకాల్ అడిగి రిసీవరు చెవికి ఆనించుకుని నిలబడితే ఎప్పుడు లైను దొరుకుతుందో దేవుడికే తెలియాలి. ఒక చేత్తో రిసీవరు పట్టుకునే అన్నం తినేదాన్ని. కూలివాళ్లు నాకు ఫోనమ్మ అని పేరు పెట్టేశారు.

కంపెనీ యజమాని మద్రాసులో ఉండేవాడు. అందరూ ఆయన్ని మొదలాళి అనేవాళ్లు. ఆయనకి ఒకటే జబ్బు. ఏ తలుపు తాళం ఎవరి దగ్గరుందో రోజూ పొద్దున్నే తనకి తెలియాలి. ఉప్పు కొట్లు, గోతాల గది, ఇంజను షెడ్డు, అన్నిటికీ తాళాలే. ఉప్పుగాలికి తలుపులు తుప్పు పట్టి ఊడొస్తుండేవి, తాళాలు మాత్రం మెరిసిపోతుండేవి.

"ఎవరి దగ్గర ఏముంది, చెప్పమ్మా" అని ఫోనులో అడిగేవాడు. ఎలా చెప్పను? అక్కడ పనిచేసేవాళ్లలో చాలామందికి చదువు లేదు. అందుకని వసారా గోడకి ఒక చెక్క కొట్టించి, తాళానికొక మేకు దిగ్గొట్టించాను. నెల్లూరులో ఇత్తడి సామాన్లు చేసే అతని దగ్గర బిళ్లలు కొట్టించాను. మనిషికొక బొమ్మ. ఇంజను నడిపే అన్నకి చేప, గోతాలు కుట్టే ఆమెకి పడవ. ఎవరైనా తాళం తీసుకుంటే వాళ్ల బిళ్ల ఆ మేకుకి తగిలించాలి. తాళం తిరిగొచ్చాక బిళ్ల తీసుకుపోవాలి. చెక్క వైపు ఒక చూపు చూస్తే చాలు, కొటారంతా తెలిసిపోయేది.

ఆ తాళాలన్నిటికీ కావలి ఒక ఆడమనిషి. మైపాడు పక్కన పట్టపుపాళెం ఆమెది, సముద్రం మీదికి పోయేవాళ్ల ఇల్లు. మొగుడు ఈ కొటారుకే కావలివాడుగా ఉంటూ చనిపోయాడు, ఆ పని ఈమెకొచ్చింది. గేటు పక్కన కంపెనీ గుడిసె, అందులోనే కాపురం. నేను అక్కా అని పిలిచేదాన్ని. నోరు మామూలు నోరు కాదు. ఆమె బిళ్ల మీద ఏ బొమ్మ వేయించమంటావు అంటే, "పీతను ఏపించు పాపా. పట్టుకుంటే ఇడిసేదాన్ని కాను" అంది.

మొదటి రోజే ఆమెతో నాకు పోట్లాట అయింది. ఉప్పు కొట్టు తాళం ఇమ్మని చెయ్యి చాపాను. ఆమె నా చెయ్యి వైపు చూసి, వసారా అంచున ఉన్న నల్లరాయి మీద తాళం పెట్టి వెనక్కి జరిగింది.

"ఏమక్కా, నా చేతికి ఇవ్వకూడదా? అంటుకుంటే మైలా?" అన్నాను.

"మైల గాదు పాపా. తీసుకో."

"చెయ్యి చాపితే కింద పెడతావేంటి? మద్రాసులో కుక్కకి పెడతారు ఇలా."

ఆమె నవ్వింది. "మీ మద్రాసులో ఉప్పు చేతికిస్తారా?"

ఇవ్వరు. మా ఇంట్లో కూడా ఇవ్వరు. ఉప్పు చేతికి చెయ్యి మారితే ఇద్దరి మధ్యా పగలు వస్తాయని మా అమ్మ గిన్నె కింద పెట్టేది, పక్కింటామె తీసుకునేది.

"ఇంట్లో దోసెడు ఉప్పుకే అట్లయితే, ఇక్కడ కొట్టు నిండా ఉప్పుంది లోపల. దాని తాళమూ ఉప్పే. ఈ కొటారులో తాళం ఎవరూ ఎవరికీ ఇయ్యరు. పెడతారు. తీసుకుంటారు. అంతే."

అప్పటి నుంచీ గమనించాను. నిజమే. ఇంజను అన్న పెట్టేవాడు, ఆమె తీసుకునేది. ఆమె పెట్టేది, గోతాలామె తీసుకునేది. ఇంజను షెడ్డులో చమురు తప్ప ఉప్పు రవ్వ కూడా లేదు, అయినా దాని తాళమూ రాయి మీదికే. కొన్నాళ్లకి నేనూ అంతే. పిన్ని ఇంట్లో బీరువా తాళం కూడా కింద పెట్టేదాన్ని, పిన్ని తిట్టేది.

ఈ లెక్కలో ఇమడని మనిషి ఒక్కడే, సూపర్‌వైజరు. నెల్లూరుకి అవతల వరి పొలాలున్న ఇంటివాడు. ఇస్త్రీ చొక్కా, జేబులో రెండు పెన్నులు. రాసింది నేనెప్పుడూ చూడలేదు. ఆయనకీ ఒక బిళ్ల కొట్టించాను, కొంగ బొమ్మతో. ఏటి ఒడ్డున కొంగలు ఎక్కువ కదా అని, అంతకు మించి నా మనసులో ఏమీ లేదు. దాన్ని చూసి ఆయన ముఖం ఎర్రబడింది.

"నాకెందుకు బిళ్ల? నేనేమన్నా మున్సిపాలిటీ కుక్కనా, మెళ్లో బిళ్ల కట్టుకునేదానికి?"

"అందరికీ ఉందండీ. నాకూ ఉంది."

"అందరూ నేనూ ఒకటేనా? కూలోళ్లకు పెట్టుకో నీ బిళ్లలు."

అక్క పక్కనుంచి, "కొంగ బిళ్ల ఒద్దంటే పోనీలే సామీ, పాప ఇంకోటి కొట్టిస్తాది. నక్క బొమ్మ బాగుంటాది" అంది. ఉప్పు మోసే ఆడవాళ్లు గంపలు దించి మరీ నవ్వారు. ఆయన నవ్వలేదు.

ఆ రోజే ఫోనులో మొదలాళికి చెప్పాను. "సూపర్‌వైజరుగారు బిళ్ల పెట్టనంటున్నారు సార్. ఆయన తాళం తీసుకుంటే చెక్క మీద తెలీదు."

"ఆయన మనవాడమ్మా. ఆయనకెందుకు?"

"మరి మేకుకి తాళమూ లేక, బిళ్లా లేకపోతే ఎవరి దగ్గరున్నట్టు సార్?"

"కావలిదాని దగ్గరున్నట్టు. అందుకే కదా దానికి జీతం."

చూశారా? కోపం రాదా? చేపకి, పడవకి, పీతకి లెక్క ఉంది. కొంగకి లేదు. పైనున్నవాడు తలుపు తీస్తే గాలి తీసినట్టే. ఏదన్నా పోతే మాత్రం కింద నిలబడ్డ మనిషి తీసినట్టు. ఖాళీ మేకు కనిపిస్తే ఎవరి దగ్గరుందో కొటారులో ప్రతి కూలికీ తెలుసు. మొదలాళికి తెలీదు. తెలుసుకోవాలని ఆయనకి లేదు. ఏ తాళం ఎవరి దగ్గరని రోజూ ట్రంకాల్‌లో అడగడం ఎందుకు మరి?

ఎండలు ముదిరాయి. ఉప్పు దండిగా దిగే కాలం, ఇంజను ఆగకూడదు. మా ఇంజనుకి నీళ్లున్నాయి. నెల్లూరు అవతల పొలాల్లో బావులు అడుగంటి, అక్కడివాళ్లు ఇంజన్లు ఇంకా ఎక్కువసేపు ఆడించాల్సి వచ్చేది. ఇంజన్లలో పోసే క్రూడాయిలు కోసం తెగ తిరుగుతున్నారని మా చిన్నాన్న అనేవాడు. సూపర్‌వైజరు బావమరిదికీ అటు వరి ఉంది, ఇంజనుంది.

ఒక సోమవారం పొద్దున నేను వచ్చేసరికి ఇంజను అన్న షెడ్డు తలుపు దగ్గర తల పట్టుకుని కూర్చున్నాడు. లోపల ఉండాల్సిన క్రూడాయిలు పీపాలు లేవు. తాళం పగల్లేదు. చెక్క మీద చూస్తే తాళాలన్నీ వాటి వాటి మేకులకే ఉన్నాయి. బిళ్ల ఒక్కటీ లేదు.

"నిన్న ఎవరు తీశారక్కా?" అన్నాను. ఆదివారం నేను రాను.

"ఇంకెవరు, ఆ రెండు పెన్నులాయప్పే. మధ్యాన్నం బండి తోలుకొచ్చినాడు. ఇంజను షెడ్డు తాళం తియ్యి, చూడాలన్నాడు. రాయి మీద పెట్టినా. అవతల గట్టు తెగేటట్టుంది పోయి చూడుమే అన్నాడు. పోయినా. గట్టు గుండ్రాయి మాదిరి ఉండాది. మళ్లా వచ్చేతలికి తాళం రాయి మీద ఉంది, బండి లేదు."

"బిళ్ల పెట్టమని అడగలేదా?"

"అడిగినా. మీ ఫోనమ్మను పెట్టుకోమన్నాడు."

నేను పిడి తిప్పి మద్రాసు అడిగాను. లైను దొరికేదాకా కాలు నేల మీద నిలవలేదు. దొరకగానే ఉన్నది ఉన్నట్టు చెప్పాను. తీసింది సూపర్‌వైజరుగారు, కావలక్క చూసింది, అని. మొదలాళికి నచ్చలేదు.

"ఒక పెద్దమనిషి మీద అలా నోరు జారకూడదమ్మా. మేనేజరుని పంపిస్తున్నాను. విచారిస్తాడు."

మేనేజరు మర్నాడే దిగాడు. రైల్లో నెల్లూరు దాకా, అక్కణ్నుంచి కారు. చెమట తుడుచుకుంటూ వసారాలో కుర్చీ వేయించుకున్నాడు. ఇంజను ఆడక కూలివాళ్లకి పని లేదు, అందరూ వసారా ముందు ఎండలోనే నిలబడ్డారు. సూపర్‌వైజరు ఆయన కుడిపక్కన చేతులు కట్టుకుని, బడిపిల్లాడంత బుద్ధిగా ఉన్నాడు. అక్క ఎదురుగా. నన్ను మద్రాసు లైను పెట్టమన్నాడు మేనేజరు, విచారణ కాగానే మొదలాళికి చెప్పాలట. నేను కిటికీ పక్కన ఫోను దగ్గర, రిసీవరు చెవికి పెట్టుకుని ఎక్స్ఛేంజి కోసం ఆగి ఉన్నాను. బయట మాటలన్నీ వినపడుతున్నాయి.

"ఆదివారం మధ్యాహ్నం ఇంజను షెడ్డు తాళం ఈయనకి నువ్వు ఇచ్చావా?" అన్నాడు మేనేజరు.

అక్క ఉలిక్కిపడింది. చెంప మీద కొట్టావా అని అడిగితే ఎలా చూస్తారో అలా చూసింది.

"అయ్యో, నేనియ్యలేదు సార్!"

నేను కిటికీకి ఇంకా దగ్గరికి జరిగాను.

"ఇవ్వలేదు కదా?"

"ఇయ్యలేదు సార్, నేనెందుకిస్తాను. రాయి మీద పె..."

"అడిగినదానికి చెప్పు. కథలొద్దు. ఇచ్చావా, ఇవ్వలేదా? అవునో కాదో చెప్పు, చాలు."

"ఇయ్యలేదు."

మేనేజరు పక్కకి తిరిగాడు. "నీకు తాళం ఇచ్చిందా?"

"నాకు ఎవరూ ఇయ్యలేదు సార్" అన్నాడు సూపర్‌వైజరు. ఆ గొంతులో ఎంత నిదానం! "ఆమే చెప్తాండాది గదా. నేను మళ్లు చూసుకునేదానికి వచ్చినాను, చూసుకున్నాను, పోయినాను."

ఆయనకి తెలుసు. ఈ కొటారులో ఆ మాటకి అర్థమేంటో వాడికి శుభ్రంగా తెలుసు. నేను వాడు అనే రాస్తున్నాను, ఇది రాసేటప్పుడు కూడా పళ్లు నూరుకుంటున్నాను. అక్క నోట్లోంచి నిజం వచ్చింది. ఆ నిజంతోనే ఆమె పీక కోస్తున్నాడు.

మేనేజరు కాళ్లు చాపుకున్నాడు. "అయితే తాళం నీ దగ్గర్నుంచి కదల్లేదు. షెడ్డు తెరుచుకుంది. పీపాలు పోయాయి. ఇంకేముంది విచారించడానికి? పోలీసుల దాకా పోకుండా వదిలిపెడుతున్నాం, సంతోషించు. తాళాలు అప్పజెప్పి రేపటికల్లా గుడిసె ఖాళీ చెయ్యి."

అక్క నోరు తెరిచింది. మాట రాలేదు. ఆ నోటికి మాట రాకపోవడం నేను అదే మొదటిసారి చూడటం. వెనకనుంచి ఎవరో ఆడమనిషి, "ఆమె దొంగతనం చేసేదేంది!" అని గొణిగింది. మేనేజరు చూసేసరికి ఆపేసింది.

నేను రిసీవరు వదల్లేదు. దాని తీగ ఎంత దూరం సాగితే అంత దూరం, కిటికీలోంచి సగం బయటికొచ్చాను.

"సార్, మీరు అడిగిన ప్రశ్నే తప్పు."

"ఏంటమ్మా?"

"ఇక్కడ తాళం ఎవరూ ఎవరికీ ఇవ్వరు సార్. ఉప్పు చేతికివ్వరు కదా, అలాగే. రాయి మీద పెడతారు, రెండోవాళ్లు తీసుకుంటారు. ఇచ్చావా అంటే ఎవరైనా ఇవ్వలేదనే చెప్తారు. పెట్టావా అని అడగండి!"

"ఏమ్మా, మద్రాసులో చదువుకుని నువ్వు కూడా..." అని నవ్వాడు మేనేజరు.

సూపర్‌వైజరు కూడా నవ్వాడు. "సార్, అయ్యన్నీ ముసలోళ్ల మాటలు. మా తాతల కాలంలో ఉండేది. ఇప్పుడెవురు చూస్తాండారు? ఆయమ్మ ఎప్పుడూ చేతికే ఇస్తాది, నేను చేతికే తీసుకుంటా. ఆదివారం మాత్రం ఇయ్యలా."

"అబద్ధం!" అని అరిచాను. ఎక్స్ఛేంజిలో అమ్మాయి నా అరుపు విని "హలో, ఏమైందండీ?" అంది.

"నువ్వు నీ ఫోను చూసుకోమ్మా" అన్నాడు మేనేజరు. విసుగు పుట్టినట్టుంది, లేచాడు. "చాలు. తాళాలు ఆమె దగ్గర తీసుకుని నాకివ్వవయ్యా, ముగించేద్దాం."

అక్క చెక్క మీది తాళాలన్నీ తీసి ఒక తాడుకి గుత్తిగా గుచ్చింది. దాన్ని ఒకసారి చూసుకుంది. నల్లరాయి మీద పెట్టింది. పెట్టిందా, కొట్టిందా అన్నట్టు ఠక్కుమంది. సూపర్‌వైజరు వంగి గుత్తి తీసుకున్నాడు. నాలుగడుగులు వేసి మేనేజరు ముందుకొచ్చాడు. మేనేజరు చెయ్యి చాపాడు.

సూపర్‌వైజరు వంగి, గుత్తిని కుర్చీ ముందు నేల మీద పెట్టాడు. పెట్టి, అలవాటుగా రెండడుగులు వెనక్కి జరిగాడు.

మేనేజరు చెయ్యి అలాగే గాలిలో ఉండిపోయింది.

పాపం, వాడికి కూడా అప్పటికి తెలీలేదు ఏం చేశాడో. ఇంజను అన్న గొంతు ముందు లేచింది.

"అదేంది అబ్బయా, కింద పెట్టినావే! చేతికియ్యి. చదువుకున్నోడివి గదా!"

వసారా ముందు నవ్వు పేలింది. ఉప్పు గంపల ఆడవాళ్లు ఒకళ్ల మీద ఒకళ్లు పడి నవ్వారు. "చేతికియ్యి సామీ! చేతికియ్యి!" అని ఒకామె చెయ్యి చాపి చూపించింది. సూపర్‌వైజరు గబుక్కున వంగి గుత్తి మళ్లీ తీశాడు. చేతికిద్దామని మేనేజరు వైపు చాపాడు. ఇవ్వలేకపోయాడు. కంపెనీ మేనేజరుతో పగ ఎవడు కోరుకుంటాడు?

మేనేజరు తెలివితక్కువవాడేం కాదు. వినాలనుకుంటే వినగలడు. నాకు మంట అందుకే. కుర్చీలో కూలబడి అక్క వైపు తిరిగాడు.

"పెట్టావా?"

"పెట్టినా సార్. అప్పటాల నుంచి అదే చెప్తాండా, నువ్వు ఇంటేగా. ఈ రాయి మీదే పెట్టినా. ఆయప్ప తీసుకున్నాడు."

"ఏమయ్యా, తీసుకున్నావా?"

సూపర్‌వైజరు జేబులో పెన్నులు సర్దుకున్నాడు. "ఊరికే... షెడ్డు చూసేదానికి తీసుకున్నా సార్."

"ఇందాక ఇవ్వలేదన్నావు?"

"ఇయ్యలేదు గదా సార్."

అంత కోపంలోనూ నాకు నవ్వొచ్చింది. సరిగ్గా అప్పుడే చెవిలో, "మద్రాసు లైను, మాట్లాడండి" అంది ఎక్స్ఛేంజి అమ్మాయి. నేను నోరు తెరిచేలోపల మేనేజరు లోపలికొచ్చి రిసీవరు లాక్కున్నాడు. ఏం చెప్తాడో అని పక్కనే నిలబడ్డాను. దొంగని దొంగ అంటాడనుకున్నాను, నాకెంత వెర్రి!

"ఏం లేదు సార్. మాట దగ్గర చిన్న పొరపాటు. మనవాళ్లే... సర్దేశాను. పీపాలు వచ్చేస్తాయి. ఆ ఆడమనిషిని కూడా ఈసారికి క్షమించి ఉండనిస్తున్నాను సార్."

మాట దగ్గర పొరపాటట! మేనేజరు కారు దుమ్ము రేపుకుంటూ పోయింది. మర్నాడు తెల్లారేసరికి పీపాలు వచ్చాయి, అదే బండి మీద. బండి ఎవరిదని ఎవరూ అడగలేదు. సూపర్‌వైజరు పని పోలేదు, జీతం తగ్గలేదు, ఒక మాట కూడా అనలేదు ఎవరూ. నేను బల్ల మీద పడి ఏడ్చాను, కోపంతో వచ్చే ఏడుపు. అక్క వచ్చి గుమ్మంలో నిలబడింది. ఆమె కళ్లల్లో నీళ్లు లేవు.

"నన్ను క్షమించినారంట పాపా. ఏం చేసినానని? నేను దొంగని గాదని ఒక్కడన్నా నోటితో అన్నాడా? పట్టపుపాళెంలో ఈపాటికి అందరూ చెప్పుకుంటా ఉంటారు, దొంగతనం చేస్తే కంపెనీవాళ్లు దయతలిచి ఇడిసిపెట్టినారని. గుడిసె ఉంది. పేరేదీ?"

మేనేజరుని తిట్టాను, మొదలాళిని తిట్టాను, మద్రాసుని మొత్తంగా తిట్టాను.

"తిట్లు నాకూ వచ్చు" అంది. "రానీ వాణ్ణి. రేపు తాళానికి రాకుండా యాడికి పోతాడు?"

ఆ మర్నాడు పొద్దున ఎప్పటిలాగే రిసీవరు చెవికి పెట్టుకుని మద్రాసు కోసం ఆగి ఉన్నాను. కూలివాళ్లు మళ్లలోకి దిగబోతున్నారు. సూపర్‌వైజరు వచ్చాడు, అదే ఇస్త్రీ చొక్కా. ఏమీ జరగనట్టే వసారా ఎక్కి, అక్క వైపు చూడకుండా, "ఇంజను షెడ్డు తాళం తియ్యిమే" అన్నాడు.

అక్క మేకు నుంచి తాళం తీసింది. రాయి దగ్గరికి పోలేదు. నేరుగా ఆయన ముందుకొచ్చి, అరచేతిలో తాళం పెట్టుకుని, ఆ చెయ్యి ఆయన కడుపు దాకా చాపింది.

"ఇందా సామీ. తీసుకో."

ఆయన ఒక అడుగు వెనక్కేశాడు. "కింద పెట్టుమే."

"పెట్టను. పెడితే ఇయ్యలేదంటావు. ఇస్తాండా. చేతికిస్తాండా. అందురూ చూడండబ్బా, ఈ పొద్దు ఈయప్పకు నా చేత్తో ఇస్తాండా!"

మళ్లల్లోకి దిగినవాళ్లు కూడా ఎక్కి వచ్చారు. ఎవరూ నవ్వలేదు ఈసారి.

"పిచ్చి పట్టిందా నీకు? పగలొస్తాయి."

"రానీ. నాకు రావాల్సింది మొన్ననే వచ్చేసింది. ఇంక నీకే కొత్త. పట్టుకో."

ఆ చెయ్యి అలాగే ఉంది. ఉప్పుకి పగిలి, గీతలు తెల్లబారిన అరచెయ్యి. దాని మీద చిన్న ఇనుప ముక్క. అంత మనిషి, రెండు పెన్నుల మనిషి, దాన్ని ముట్టుకోలేక నుదుటి చెమట తుడుచుకుంటున్నాడు. తాతల కాలం మాటలన్నాడే, పట్టుకోవచ్చు కదా! పట్టుకోడు. ఇంజను షెడ్డు తెరవకపోతే ఏటి నీళ్లు రావు. ఇంజను అన్న పక్కన నిలబడి ఆకాశం చూస్తున్నాడు.

"ఏం కావాల మే నీకు?" అన్నాడు చివరికి, గొంతు తగ్గించి.

"గెట్టిగా అడుగు."

"ఏం కావాల?"

"పాప కొట్టించిన బిళ్ల నీదొకటుంది గదా. అది తగిలించు. తగిలిస్తే రాయి మీద పెడతా. లేదంటావా, ఇట్లాగే దినామూ చేతికిస్తా."

కొంగ బిళ్ల నా సొరుగులోనే పడి ఉంది, ఆయన వద్దన్న రోజు నుంచీ. ఒక చేత్తో రిసీవరు పట్టుకునే రెండో చేత్తో సొరుగు లాగాను. కిటికీ గడప మీద పెట్టాను. ఆయన వచ్చాడు. నా వైపు చూసిన చూపుకి బిళ్ల కరిగిపోవాలి. తీసుకున్నాడు. చెక్క దగ్గరికి పోయి, ఖాళీ మేకు ముందు కాసేపు నిలబడి, తగిలించాడు.

అక్క రాయి మీద తాళం పెట్టి వెనక్కి జరిగింది. ఆయన వంగి తీసుకున్నాడు.

"కొంగకు మెడ పొడుగే గదా, బిళ్ల బాగా సరిపోయింది" అని ఎవరో అన్నారు. అప్పుడు నవ్వారు అందరూ.

"మద్రాసు లైను" అంది ఎక్స్ఛేంజి అమ్మాయి. మొదలాళి గొంతు, రోజూ వినేదే.

"ఎవరి దగ్గర ఏముంది, చెప్పమ్మా."

"ఇంజను షెడ్డు తాళం సూపర్‌వైజరుగారి దగ్గర సార్. బిళ్ల తగిలించి తీసుకున్నారు."

"ఆయనకెందుకమ్మా బిళ్ల? నేను చెప్పాను కదా."

"ఆదివారం కూడా ఆయనే తీసుకున్నారు సార్. కావలక్క కాదు. మేనేజరుగారు మీకు చెప్పలేదేమో."

"ఏం మాట్లాడుతున్నావు నువ్వు?"

సూపర్‌వైజరు వసారా దిగబోతున్నవాడల్లా ఆగాడు. అక్క చెక్క పక్కన నిలబడి నన్నే చూస్తోంది. కూలివాళ్లందరూ చూస్తున్నారు. పోతే నా ఉద్యోగం పోతుంది, పోనీ అనుకున్నాను. పెట్టె సర్దుకోవడం నాకు తెలిసిన పనే.

"నన్నెందుకు సార్, ఆయన్నే అడగండి. ఇక్కడే ఉన్నారు" అన్నాను. కిటికీలోంచి రిసీవరు బయటికి చాపాను. ఆయన గడప వైపు చూశాడు, అక్కడ పెడతానేమోనని.

పెట్టలేదు. ఆయన చేతికే ఇచ్చాను.